చెదలు తిన్న ముని

నిప్పు, చక్రం, ఆ తర్వాత మా వదిన వంగడం. మానవజాతి ముందడుగుల్లో ఈ మూడోదానికి చరిత్రకారులు ఎందుకో అన్యాయం చేశారు. రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే ఆమె ఒకసారి వంగుతుంది. లేచేటప్పటికి చేతిలో ఎండుకాయో, బెరడు ముక్కో, పక్షి ఈకో ఉంటుంది. ఈ ఘట్టాలన్నిటికీ మా అన్నయ్య గొడుగు పట్టుకుని నిలబడ్డ ప్రత్యక్షసాక్షి.

అలా ఏరితెచ్చిన సరుకుతో ఆమె పురాణాలు కడుతుంది. ఇన్నాళ్లకు పేరున్న గ్యాలరీ ఒకటి తొలిసారి ఆమెను పిలిచింది. దానికోసం, తపస్సులో పుట్ట పెరిగి కప్పేసిన ముని బొమ్మను తలపెట్టింది. లోపల మనిషెత్తు కొయ్య, చుట్టూ గడ్డీ బంకా కలిపిన మన్ను. మన్ను కూడా నిజం పుట్టదే.

"మంట మీద వేయించి వాడరాదూ?" అన్నాడు అన్నయ్య.

"వేయిస్తే మట్టిలో జీవం పోతుందండీ."

పంపాల్సిన రోజు పొద్దున అన్నయ్య ముని వీపు మీద చనువుగా తట్టాడు. డప్పులా మోగింది. పాదాల దగ్గర కన్నంలోంచి పొట్టు రాలింది, దాని వెనకే చెదపురుగులు వరసకట్టి దిగాయి. కొయ్య మొత్తం స్వాహా.

"జీవం పోతుందన్నావ్. పోలేదుగా, కాపురం పెట్టింది!"

"నవ్వండి, మీకేం? ఎత్తగానే కూలిపోతుంది. వాళ్లకేం చెప్పను?"

"తపస్సు ఫలించింది, స్వర్గానికెళ్లాడని చెప్పు."

వదిన నవ్వలేదు. గడప మీద కూలబడి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. అన్నయ్య గొంతు తగ్గించాడు. "నేనూ ఓ చెయ్యి వేస్తాలే, ఏడవకు."

బరువని ముందే చెప్పడంతో వ్యానువాళ్లు నలుగురొచ్చారు. "మెల్లిగా బాబూ, మెల్లిగా," అంటూ వదిన కళ్లు మూసుకుంది. వాళ్లలో పెద్దాయన ఒక్కడే మునిని కావలించుకుని ఎత్తేశాడు. ఒక్క పెచ్చు రాలలేదు. ఎండిన మన్ను కుండలా గట్టిపడి, కొయ్య లేకుండానే నిలబడడం నేర్చుకుంది.

"దీనికి నలుగురెందుకమ్మా? మా మనవణ్ని పంపినా సరిపోయేది!"

వదిన అప్పుడు వదిలిన ఊపిరికి వ్యాను తలుపు దానంతటదే పడిందని అన్నయ్య నేటికీ అంటాడు.

ప్రదర్శనలో ఓ విమర్శకుడు ముని చుట్టూ ప్రదక్షిణ చేసి, వేలితో కొట్టి విని, తన్మయుడయ్యాడు. "దేహం కరిగింది, శూన్యం మిగిలింది! ఈ ఖాళీని సాధించడానికి ఎంత కష్టపడ్డావు తల్లీ?"

వదిన అన్నయ్య కేసి చూసింది. అన్నయ్య పైకప్పు కేసి చూశాడు.

"నాదేం లేదండీ, దానంతటదే అయింది," అంది వదిన.

ఆ వినయాన్ని విమర్శకుడు తన వ్యాసంలో రెండు పేరాలు మెచ్చుకున్నాడు.

మర్నాడు గ్యాలరీలో చెదలమందు కొట్టారు.