రెండు ఓట్ల మామ్మ

దువ్వాడ స్టేషనుకి అవతల, కొత్తగా లేచిన అపార్టుమెంట్ల వెనకపడ్డ వీధిలో సన్యాసమ్మ అని అడిగితే ఒకరిద్దరు తెల్లమొహం వేస్తారేమో గానీ, రెండు ఓట్ల మామ్మ అంటే పాల ప్యాకెట్లవాడు కూడా ఇల్లు చూపించేస్తాడు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. ఇప్పటికీ పేపరులో పెద్దక్షరాలు కూడబలుక్కోకుండా చదువుతుంది. ఆ కాలంలో, పార్వతీపురం అవతల కొండ కింద ఊళ్లో, ఆడపిల్ల అయిదో తరగతి దాకా బడికెళ్లడమంటే మాటలా? వెళ్లింది. రేషను డిపోలో గానీ, బ్యాంకులో గానీ, పోలింగు బూతులో గానీ వేలిముద్ర వేసిన పాపాన పోలేదు. ఎక్కడైనా సంతకమే, అదీ ఇంటిపేరుతో సహా.

ఇంకో ఘనత కూడా ఉంది. ఓటు వయసొచ్చిన దగ్గర్నుంచి ఒక్క పార్లమెంటు ఎన్నికా తప్పలేదు. మొట్టమొదటిది యాభై ఏడులో. అప్పుడే రెండు ఓట్లు వేసింది.

ఇప్పటివాళ్లకి చెబితే నమ్మరు గానీ అప్పట్లో కొన్ని పార్లమెంటు నియోజకవర్గాలకి ఇద్దరేసి ఎంపీలుండేవారు. పార్వతీపురం అలాంటిదే. ఒక సీటు అందరిదీ, రెండోది గిరిజనులకి కేటాయించినది. ఓటరు చేతికి రెండు కాగితాలిచ్చేవారు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. ఒకే పార్టీ తరఫున ఇద్దరు నిలబడితే రెండు పెట్టెల మీదా అదే బొమ్మ. కేటాయించిన సీటువాడి బొమ్మ చుట్టూ మాత్రం గుండ్రంగా గీత. రెండు కాగితాలూ ఒకే పెట్టెలో పడ్డాయంటే ఒకటి మురిగిపోయినట్టే.

ఊళ్లో మగవాళ్లకే అది తలకెక్కలేదు. కాపురానికొచ్చి ఏడాది తిరగని సన్యాసమ్మ పెరట్లో రెండు కుండలు పెట్టి, ఒకదాని మీద సున్నంతో గీత చుట్టి, ఆడవాళ్లందరి చేతికీ తలో రెండు చింతపిక్కలిచ్చి ఓటు నేర్పింది. కోడలు కాపురానికొచ్చిందా, బడి పెట్టడానికొచ్చిందా అని అత్త దెప్పింది. ఒక ముసలావిడ ఎన్నిసార్లు చెప్పినా రెండు పిక్కలూ ఒకే కుండలో వేసేది. ఒంటరిగా ఎందుకమ్మా, రెండూ ఒక దగ్గరుంటే తోడుగా ఉంటాయి కదా అనేది. అయినా ఆ ఊరి ఆడవాళ్ల ఓట్లు పెద్దగా మురగలేదని ఎన్నికలయ్యాక కరణంగారే మెచ్చుకున్నారు. అది సన్యాసమ్మకి మొదటి సర్టిఫికెట్టు.

ఫలితం మాత్రం ఎవరూ ఊహించలేదు. గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చినవాడికి కేటాయించిన సీటు ఇచ్చేశారు. మిగిలిన సీటు, ఇంక ఎవరికి ఎక్కువొస్తే వాళ్లది. అక్కడ కూడా గిరిజన అభ్యర్థే ముందున్నాడు. దేశమంతా పేరున్న పెద్దమనిషి కొన్ని వందల ఓట్ల తేడాతో ఓడిపోయాడు, కోర్టుకెక్కినా లాభం లేకపోయింది. సన్యాసమ్మ రెండు కాగితాల్లో ఒకటి నెగ్గింది, ఒకటి ఓడింది. కొన్నాళ్లకి ఇద్దరు ఎంపీల పద్ధతే ఎత్తేశారు.

అప్పటికి ఆమె పెనిమిటి అప్పలసూరికి విశాఖపట్నం పోర్టులో కళాసీ పని దొరికింది. మూటా ముల్లే సర్దుకుని వచ్చేశారు. ఇక్కడ ఒక్క ఎంపీయే, ఒక్క ఓటే. సగం జీతానికి పని చేస్తున్నట్టుందని ఆ కొత్తలో అనేదట. ఎవరికి వేశావని అప్పలసూరి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. నెగ్గింది, లేకపోతే పోయింది అనేది, అంతే.

ఆ తరవాత పట్నానికి ఎంపీలుగా రాజులొచ్చారు, వకీళ్లొచ్చారు, డబ్బున్నవాళ్లు, ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు వచ్చారు. ఒక్కొక్క ఎన్నికా ఆమెకి కంఠతా. అరవై ఏడు చెప్పేటప్పుడు గొంతు లేస్తుంది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరంతా వీధిన పడ్డ మరుసటేడు అది. ఉక్కు కావాలన్న మనిషి ఏ పార్టీ లేకుండా నిలబడ్డాడు, నెగ్గాడు. ఆ ఒక్క ఓటు ఎవరికేసిందో దాచుకోలేదు. డెబ్భై ఏడులో ఉత్తరాదంతా ఒకవైపు పోతే మనవాళ్లు రెండోవైపు నిలబడ్డారు. ఎనభై నాలుగులో సైకిలు. ఆ తరవాత ఓసారి వీళ్లు, ఓసారి వాళ్లు. పోయిన్సారి నాలుగు వేల చిల్లర ఓట్లతో తేలింది.

ఈలోగా ఫ్యాక్టరీ వచ్చింది. కొడుకు రమణమూర్తికి అందులో ఉద్యోగమొచ్చింది, ఉక్కునగరంలో క్వార్టరొచ్చింది. ఇంటి ముందు రెండు కొబ్బరిచెట్లు, సైరనుకి లేచే సంసారం. నా ఓటుతో వచ్చిన ఫ్యాక్టరీ అని సన్యాసమ్మ పక్క క్వార్టరు వాళ్లకి చెప్పుకునేది. రమణమూర్తి రిటైరై, క్వార్టరు అప్పజెప్పి, దువ్వాడలో ఈ రెండు గదుల ఇల్లు కట్టి, ఎక్కువకాలం ఉండకుండా పోయాడు. మనవడు సాయిశంకర్ అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఫ్యాక్టరీ అమ్మేస్తారన్న మాట పుట్టిన దగ్గర్నుంచి ఇంట్లో కొత్త ఫ్రిజ్జు మాట లేదు, పిల్లల మాట లేదు. వచ్చే నెల పనుంటుందో లేదో తెలియనివాడికి ఏ మాటుంటుంది?

సన్యాసమ్మ ఒక్కతే ధైర్యం. ఓటేసి తెచ్చుకున్నాం, ఓటేసి ఉంచుకుంటామనేది. సాయిశంకర్ నవ్వేవాడు.

"మామ్మా, నిలబడ్డోళ్లంతా అమ్మనివ్వం అనే అంటన్నారు. ఎవుడికేస్తావు?"

"అందులో నిజం సెప్పినోడికి."

"ఆడెవుడో నాక్కూడా సెప్పు. నానూ ఏత్తాను."

ఎండలు ముదిరిన రోజుల్లో, నామినేషన్లింకా కాకముందే, బూత్ లెవెల్ ఆఫీసరుగా ఆ వీధిలో తిరిగే అంగన్‌వాడీ టీచరు అనూరాధ ఇంటికొచ్చింది. చెమటలు కారుతున్నాయి, ఇంకా చాలా ఇళ్లు తిరగాలి. ఎనభై ఐదు దాటినవాళ్లకి ప్రభుత్వం ఈసారి గౌరవమిస్తోందని, అధికారులే ఇంటికొస్తారని, ఫొటో వీడియో తీస్తారని గబగబా చెప్పి ఒక ఫారం తీసింది. వేలిముద్ర వేస్తారా మామ్మగారూ అని స్టాంపు ప్యాడు మూత తీయబోతే, సన్యాసమ్మ ప్యాడు పక్కకి తోసి పెన్ను అడిగింది. ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది. అందులో ఏముందో మాత్రం చదవలేదు. సన్మానమని ఒకసారి మనసులో పడ్డాక ఇంక చదివేదేముంది? యాభై ఏడునాటి ఓటరుని వెతుక్కుంటూ సర్కారు రావడం ఆమెకి ఆలస్యమే అనిపించింది గానీ వింత అనిపించలేదు.

మనవడి పెళ్లాం రోజారమణి కుళాయి దగ్గర్నుంచి వచ్చేసరికి అనూరాధ వెళ్లిపోయింది. నాకు దుశ్శాలువా కప్పుతారట అని సన్యాసమ్మ చెప్పింది. ఎండాకాలంలో దుశ్శాలువా ఏటి మామ్మా, ఏసీ ఇమ్మనాల్సింది అని రోజారమణి వేళాకోళమాడి ఊరుకుంది.

అధికారులొస్తున్నట్టు కబురొచ్చిన రోజున సన్యాసమ్మ పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టింది. వీధరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. నలుగురు మనుషులు, ఒక పోలీసు, ఒక కెమెరా. ఇరుగుపొరుగు గుమిగూడారు. దండ కనబడలేదు. ఉన్నవాళ్లలో పెద్దాయన ఒక అట్టపెట్టెలాంటి అడ్డు తీసి బల్ల మీద నిలబెట్టి, కవరూ కాగితాలూ పెట్టి, ఇందులో మీ ఓటు వేసెయ్యండమ్మా అన్నాడు.

సన్యాసమ్మకి మొహాన కొట్టినట్టయింది. వీధి వీధంతా చూస్తోంది. తను మంచాన పడ్డదాన్ననుకున్నారా?

"నాను నడుస్తాను బాబూ. ఓటుకి నానే వొస్తాను. ఓటు నా దగ్గరికి రానక్కర్లేదు."

ఆయన ఓర్పుగానే చెప్పాడు. మీరు సంతకం పెట్టారు కనక ఇప్పుడు ఇంటి దగ్గరే వెయ్యాలి, లేకపోతే పోలింగు రోజు బూతులో కుదరకపోవచ్చు, ఇంకొక్కసారి వస్తాం అన్నాడు. ముసలిదాన్ని బెదిరిస్తున్నాడనుకుంది. రెండోసారి వచ్చినప్పుడు రోజారమణి బతిమాలింది. ఏసీయ్ మామ్మా, నీడపట్టున పనైపోతాది, ఎండలో ఎక్కడ పడతావ్ అంది. చంటిపిల్లకి పొత్తిగుడ్డ మార్చినట్టు నాకు ఇంటికాడ ఓటేయిస్తావా అని సన్యాసమ్మ లోపలికెళ్లి తలుపు వేసుకుంది. పెద్దాయన ఏదో రాసుకుని, సాక్షి సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం డ్యూటీనుంచి వచ్చి విన్న సాయిశంకర్, అది వాళ్ల రూలై ఉంటుంది, రేపు అడిగొస్తానన్నాడు. మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంట్రాక్టువాళ్ల పాసుల గొడవొచ్చింది. ఆ అడగడం అలాగే పోయింది.

పోలింగు రోజు, మే నెల ఎండ. ఆటో బడి గేటు దగ్గరాగింది. వీల్‌చెయిర్ తోసుకొచ్చిన పిల్లల్ని వద్దని, రోజారమణి చెయ్యి పట్టుకుని సన్యాసమ్మ నడిచే వెళ్లింది. వరసలోవాళ్లు ముందుకి పంపారు. లోపల గుమాస్తా పేరు పైకి చదివాడు. ఏజెంట్లు తలలూపారు. సన్యాసమ్మ పెన్ను కోసం చెయ్యి చాపింది.

గుమాస్తా ఆగిపోయాడు. పేరు పక్కన ఎర్రగా గుర్తుంది. ఇంటి దగ్గర ఓటుకి ఒప్పుకున్నవాళ్ల గుర్తది. ప్రిసైడింగు ఆఫీసరు లేచొచ్చాడు. కుర్ర మాస్టారు, మంచివాడిలాగే ఉన్నాడు.

"అమ్మా, మీకు ఇంటి దగ్గర అవకాశం ఇచ్చేశారు. ఇక్కడ వేయించడానికి నాకు అధికారం లేదు."

"ఇంటికాడ నానెయ్యలేదు బాబూ. వేలు సూసుకో."

"వేయలేదని తెలుసమ్మా. వేయకపోయినా అంతే."

అప్పుడు సన్యాసమ్మ మొదలుపెట్టింది. యాభై ఏడు, రెండు కాగితాలు, గీతున్న పెట్టె, గీత లేని పెట్టె. అరవై రెండు. అరవై ఏడు, ఉక్కు. గుమ్మం దగ్గర వరస ఆగిపోయింది. డెబ్భై ఒకటి. ఒక్క సంవత్సరమూ తప్పడం లేదు. మాస్టారు చేతులు కట్టుకుని విన్నాడు. ఆయన చేయగలిగింది అదొక్కటే. బయటినుంచి ఎవడో ఎండకి విసిగి అరిచాడు.

"మామ్మా, అప్పుడు రెండేసీసేవు కదా. అందులో ఒకటి ఈసారికి అడ్వాన్సనుకో, బయటికి రా!"

జనం నవ్వారు. చెడ్డగా ఏం కాదు, ఎండలో నిలబడ్డవాళ్లకి నవ్వడానికి ఏదో ఒకటి కావాలి. రోజారమణికి కూడా నవ్వొచ్చి ఆపుకుంది. సన్యాసమ్మ ఎనభై ఎన్నిక దగ్గర ఆగిపోయింది. మళ్లీ ఎక్కడినుంచి అందుకోవాలో తెలియలేదు.

ఇంటికి రానంది. బడి వరండాలో, పెద్దవాళ్ల కోసం వేసిన బెంచీ మీద కూర్చుంది. పైవాళ్లకి ఫోను చేసి చూడు బాబూ అంది. మాస్టారు చేశాడు, నిజంగానే చేశాడు, రెండుసార్లు. పైనున్నవాళ్లు రూలే చెప్పారు. రోజారమణి తన ఓటు వేసొచ్చి, పులిహోర పొట్లం తెచ్చిపెడితే ముట్టలేదు. ఓటు వెయ్యకముందు తినడం ఆమెకి అలవాటు లేదు. వీధిలోవాళ్లు వచ్చి వేలు నల్లగా చేసుకుని వెళుతూ, ఏటి మామ్మా ఇంకా అవ్వలేదా అని అడుగుతున్నారు. జరిగింది తెలిసినవాళ్లు మాత్రం అడక్కుండా అటు తిరిగి వెళ్లిపోయారు. గేటు మూసేశారు. లోపల లక్క కరిగిన వాసనొచ్చింది. మిషన్లకి సీలు వేస్తున్నారు. అప్పుడు లేచింది.

లెక్కింపు జూనులో జరిగింది. ఆ రోజంతా టీవీ వైపు రాలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం సాయిశంకర్ బి షిఫ్టుకి తయారై, అన్నం తింటూ పేపరు చూస్తున్నాడు. మామ్మ ఇన్నాళ్లూ సరిగ్గా తినడం లేదు, మాట్లాడడం లేదు. ఏదో ఒకటి చెప్పి తేల్చాలనుకున్నాడు.

"మామ్మా, మెజారిటీ ఎంతో తెలుసా? అయిదు లక్షల పైమాటే. ఈ ఊరు పుట్టి అంత రాలేదట. నీ ఓటు ఎటేసినా ఒకటే, ఎయ్యకపోయినా ఒకటే. ఎందుకు బెంగ?"

సన్యాసమ్మ ఇటు తిరిగింది.

"ఒకటే అయితే, మరి నన్ను ఎయ్యనిత్తే ఏటి పోయింది?"

సాయిశంకర్ ముద్ద చేతిలో పట్టుకుని చూశాడు. ఆమె అడిగింది తననే అన్నట్టు లేదు, ఆ మాస్టారునీ కాదు. జవాబు కోసం ఆగకుండా మళ్లీ గోడ వైపు తిరిగిపోయింది. అతను చెయ్యి కడుక్కుని, గేటు పాసు జేబులో ఉందో లేదో తడుముకుని, బండి తీశాడు. పాసు మీద గడువు ఈ నెలాఖరు దాకానే ఉంది.

రోజారమణి కంచం తీస్తూ, మజ్జిగ ఇమ్మంటావా మామ్మా అని అడిగింది. సన్యాసమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది.