మా నాన్న డైలాగు ఎవరూ అనకూడదు

మా చిన్నప్పుడు... మస్కట్‌లో వాన పడితే పిల్లలకు పండగ, పెద్దలకు గుండె దడ.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రూవిలోని మా ఫ్లాటు కిటికీ దగ్గర నుంచి అమ్మ కదలడం లేదు. సెలవు రోజైనా నాన్న పొద్దున్నే అల్ అమెరాత్ సైటుకి వెళ్ళాడు. కొత్తగా వేసిన స్లాబు వానకి పాడవకుండా టార్పాలిన్లు కప్పించి, అన్నం వేళకి వచ్చేస్తానన్నాడు. అన్నం చల్లారిపోయింది... నాన్న రాలేదు.

దారిలో వాదీ ఉంది. ఏడాది పొడుగునా రాళ్ళు తేలి ఎండిపోయి ఉండే వాగు అది. కొండల్లో వాన పడిందంటే మాత్రం చెప్పాపెట్టకుండా రోడ్డు మీదికి వచ్చి పడుతుంది.

పక్క ఫ్లాటు బాషా మామ కిందికెళ్ళి కనుక్కొచ్చాడు. మాది రాజంపేట, ఆయనది కడప. అమ్మని అక్కా అని పిలుస్తాడు, అందుకే మాకు మామ.

"రోడ్డు మూసేసినారక్కా. పోలీసోళ్ళు ఎవుర్నీ పోనీలేదు."

"ఇంకేమన్నా అన్న్యారా?"

మామ చెప్పులు విప్పుతూ మా వైపు చూడకుండా గొణిగాడు. "ఏందో... తెల్ల పికప్పు ఒగటి కొట్టుకపోయిందంట."

కంపెనీ పికప్పులన్నీ తెల్లవే. నాన్నదీ తెల్లదే.

అమ్మ వెళ్ళి అన్నం గిన్నె మీద మూత సర్ది వచ్చి మళ్ళీ కిటికీ దగ్గర నిలబడింది. తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి ఊరుకోబెట్టడానికి మామ మా క్యాసెట్టు తీసి పెట్టాడు. "రారా నాయనా, మన బస్సు సినిమా చూద్దాం."

సినిమా పేరు చెప్పను... చెబితే కామెంట్లన్నీ దాని గురించే, నా గోడు ఎవరూ వినరు! పెళ్ళివారి బస్సు దారి తప్పుతుంది, అంతే కథ. మా దగ్గరున్నది కాపీకి కాపీ. చూసి చూసి అరగదీసేసరికి దాని గొంతు పోయి బొమ్మ మాత్రం మిగిలింది. పారేస్తామా? గొంతు బదులు వచ్చే గరగర వినలేక సౌండు పూర్తిగా తగ్గించేసి డైలాగులు మేమే చెప్పేవాళ్ళం.

"టిక్కెట్టు ఉన్నవాళ్ళే దిగి తొయ్యండి!" అనే కండక్టరమ్మని నేను. కొంపలు మునుగుతున్నా "భోజనాలెప్పుడు?" అని అడిగే పెళ్ళికొడుకు మేనమామ మా బాషా మామ. హారన్ తమ్ముడు. ఇక డ్రైవరు... నాన్న! "కంగారు పడకండయ్యా... దారి నాకు తెలుసు, దారికే నేను తెలీదు!" నాన్న ఆ మాట అంటే పడీపడీ నవ్వేవాళ్ళం.

అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలో వెల్లుల్లి ఒలుచుకుంటూ, "ఈ దిక్కుమాలిన బస్సు ఎప్పుడు చేరుతాదో" అని విసుక్కునేది. ఒక్క డైలాగూ తీసుకోలేదు.

ఒకటే రూలు... ఎవరి డైలాగు వాళ్ళదే. మనిషి లేకపోతే ఆ చోట గదంతా నోరు మూసుకోవాల్సిందే. మామ సెలవు మీద ఊరెళ్ళినప్పుడు "భోజనాలెప్పుడు" దగ్గర ప్రతిసారీ గమ్మున కూర్చున్నాం.

పాపం మామకి ఆ కంగారులో ఈ సంగతే తట్టలేదు. టీవీలో బస్సు వాగులోకి దిగింది. డ్రైవరు వెనక్కి తిరిగి పెదాలు కదిపాడు... గదిలో చప్పుడు లేదు. బయట వాన ఒక్కటే వినిపిస్తోంది.

ఆ నిశ్శబ్దం భరించలేక తమ్ముడు నోరు తెరిచాడు. "కంగారు ప..."

అమ్మ ఒక్క ఉరుకున వచ్చి వాడి నోరు మూసేసింది. "అనొద్దురా! అది మీ నాయన మాట. ఆయనే వచ్చి చెప్తాడు."

"ఆపేద్దునా అక్కా?"

"ఆపొద్దు. అట్నే నిలబెట్టు. ఆయనొచ్చినాకే కదలాల."

మామ పాజ్ నొక్కాడు. డ్రైవరు నోరు తెరుచుకుని గీతల మధ్య వణుకుతూ ఆగిపోయాడు. కాసేపటికి క్యాసెట్టు తనంతట తనే ఆగిపోయేది. మామ మళ్ళీ అక్కడికే తెచ్చి నిలబెట్టేవాడు. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ అయింది...

అప్పుడు మోగింది ఫోను.

అమ్మ లాక్కుంది. ఒకటే గరగర. "ఎవురూ? ఎవురు మాట్లాడేది?" అవతల గొంతు మగవాళ్ళదే గానీ ఎవరిదో తెలియడం లేదు. అమ్మ అరిచింది. "మీరేనా? మీరే అయితే ఆ బస్సు మాట చెప్పండి!"

గరగర... తర్వాత గది ఈ చివరికి కూడా వినబడేలా నాన్న కేక. "కంగారు పడకండయ్యా! దారి నాకు తెలుసు..."

మిగతాది వినకుండానే అమ్మ రిసీవరుతో సహా కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే తిట్లు. "నీ దారి తగలబడ! పొద్దున్నించీ ఒక ఫోను కొట్టేదానికి చేతులు పడిపోయినాయా?" పాపం, లైన్లు కలవలేదట. నాన్న వాదీ దాటకుండా అవతలే ఆగిపోయి, ఒక కొట్టు నుంచి చేస్తున్నాడు. కొట్టుకుపోయిన బండి వేరేవాళ్ళది, వాళ్ళూ రాళ్ళెక్కి బతికారు. మర్నాడు నాన్న వచ్చి, బురద బూట్లయినా విప్పకుండా రిమోట్ అందుకుని తన డైలాగు చెప్పాకే మా బస్సు కదిలింది.

ఇప్పుడు నేనూ అమ్మా ఉండేది ఆ అల్ అమెరాత్‌లోనే. కొండ మీదుగా పెద్ద రోడ్డు వచ్చింది. వాన కన్నా ముందే ఫోనుకి హెచ్చరిక వస్తుంది. ఆ సినిమా కూడా ఫోన్లోనే, ఖంగుమనే గొంతుతో దొరుకుతోంది. అయినా మేం సౌండు తీసేసే చూస్తాం. సూర్ పట్నం నుంచి తమ్ముడు, కడప నుంచి మామ వీడియో కాల్‌లో కలుస్తారు.

నాన్న పోయి ఏడాది దాటింది.

మొన్న శుక్రవారం బస్సు వాగులోకి దిగింది. డ్రైవరు వెనక్కి తిరిగాడు. రూలు ప్రకారం అందరం నోరు మూసుకున్నాం. మామ తల దించుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి, వెల్లుల్లి ఒలుస్తూ, తలెత్తకుండానే అమ్మ అంది...

"కంగారు పడకండయ్యా. దారి నాకు తెలుసు, దారికే నేను తెలీదు."

ఒక్క ముక్క పొల్లు పోలేదు. మాకెవరికీ నవ్వు రాలేదు. ఫోన్లో మామ తలెత్తి, "భోజనాలెప్పుడు?" అన్నాడు. అప్పుడు నవ్వింది మా అమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

ఆ క్యాసెట్టుకి గొంతు లేదు గానీ, ఆ రోజుల్లో మా ఇల్లంతా గొంతులే...

మీ ఇంట్లోనూ ఇలాంటి సినిమా ఒకటి ఉండే ఉంటుంది. ఏ డైలాగు ఎవరిదో రాయండి. ఆ మనిషి లేకపోతే... ఇప్పుడు దాన్ని ఎవరు చెబుతున్నారో కూడా.