జంగమ్మ పిండేసిన ఆకుకూర

మా దామరచర్ల వీధిలో జంగమ్మ ఆకుకూర కొనగా చూసినవాడు లేడు. మిరప చేనుకు కూలికి పోయి, సాయంత్రం ఒడి నిండా ఏదో ఒక ఆకు తెచ్చుకుంటుంది. ఒకసారి మిర్యాలగూడ బస్సులో పోతూ కిటికీలోంచి కాలువ గట్టు మీద పొనగంటి కూర చూసి, "ఆపు, ఆపు!" అని అరిచిందట. బస్సు ఆగింది. ఆమెతోపాటు డ్రైవరు, కండక్టరు, పదకొండు మంది ప్రయాణికులు దిగి తలా ఒక కట్ట కోసుకున్నారు. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటి మనిషి కోడలు హిమజకు ఐదో నెలలో రక్తం ఎనిమిదే ఉందని తేలింది. నర్సు సునీత గట్టిగానే చెప్పింది. "ఎనిమిదో నెలకల్లా పది దాటాలె. లేకుంటే కాన్పు మిర్యాలగూడల కాదు, నల్లగొండ పెద్ద దవాఖానకు పంపుతరు. మాత్రలు మాననియ్యకు. ఆకుకూరలు బాగ పెట్టు."

"ఆకుకూరల సంగతి నాకు చెప్తున్నవా, సిస్టరమ్మా?" అని జంగమ్మ నవ్వింది.

మర్నాటి నుంచి తోటకూర, గంగవాయిలి, పొనగంటి, మునగాకు. మళ్లీ తోటకూర. వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు బిక్షం కంచం చూసి చేయి కడుక్కుని లేచిపోయేవాడు. హిమజ మాత్రం ఊరుకోలేదు.

"అత్తమ్మా, నేను మనిషినా, మేకనా? ఉప్పు లేదు, పులుపు లేదు, గడ్డి నమిలినట్లుంది."

"మూసుకొని తిను. నీ కోసం కాదు, కడుపుల ఉన్నదాని కోసం."

నెల తిరిగి పరీక్ష చేస్తే ఎనిమిది పాయింట్ ఒకటి. జంగమ్మకు తల తిరిగిపోయింది. ముందు మిషన్‌ను తిట్టింది, తర్వాత సునీతను, ఆ తర్వాత కోడలిని. "తింటున్నవా, పెరట్ల పారేస్తున్నవా?" అని రోజూ ఎదురుగా కూర్చుని ముద్ద ముద్దకూ కాపలా కాసింది. హిమజ ఏడుస్తూ తిన్నది.

చివరికి సునీతే ఇంటికి వచ్చింది. నేను వాళ్ల అరుగు మీదే ఉన్నాను. "నా ముందట వండు, చూస్త" అని జంగమ్మతో అంది.

జంగమ్మ బిందెడు నీళ్లలో తోటకూర వేసి అరగంట ఉడకబెట్టింది. పసరు పోవాలని రెండు చేతులతో గట్టిగా పిండి, ఆ పచ్చటి నీళ్లు తీసుకెళ్లి కుడితి తొట్టిలో పోసింది. బర్రె అప్పటికే మూతి చాపి ఉంది. నెల రోజుల్లో అది ఎంత నిగనిగలాడిందంటే, వీధిలో ఆడపిల్లలు దాని పక్క నిలబడి తల దువ్వుకునేవాళ్లు.

సునీత నెత్తి పట్టుకుంది. "ఓ జంగమ్మా! బలమంతా బర్రెకు తాపి, పిప్పి కోడలికి పెడ్తున్నవా?"

"ముప్పై ఏండ్ల సంది గిట్లనే వండుతున్న. మా అమ్మ గిట్లనే వండింది."

"అందుకే మీ ఇంట్ల ఎవ్వరికి రక్తం లేదు!"

జంగమ్మ మూడు రోజులు సునీత ఎదురైతే దారి మార్చుకుని పోయింది. నాలుగో రోజు సునీత చెప్పిపోయినట్లే ఆకును ముందే కడిగి, సన్నగా తరిగి, పెసరపప్పులో వేసి, కొద్ది నీళ్లతో మూత పెట్టింది. దించాక నిమ్మకాయ పిండింది. హిమజ రెండోసారి అడిగి వడ్డించుకుంది. అది చూసి జంగమ్మకు ఇంకా మండింది. "ఇన్ని రోజులు నేను వండింది ఏంది మరి?" అని గిన్నె చప్పుడయ్యేలా పెట్టింది.

ఎనిమిదో నెల పరీక్షకు ఇద్దరూ పోయారు. పది పాయింట్ రెండు. జంగమ్మ ఆ అంకెను సునీతతో మూడుసార్లు చదివించింది. హిమజ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏం నవ్వుతున్నవ్? కాన్పు అయిపోయిందా?" జంగమ్మ కసిరింది. "మిర్యాలగూడల మంచం దొరికిందాక నవ్వకు. నడు ఇంటికి, మునగాకు దుయ్యాలె."