డ్రిల్ కాగితాల మీద నా సంతకం

మా కంపెనీ అమ్మేది భయం. ఈ మాట మా యజమాని ముందు అంటే చిందులు తొక్కుతాడు గానీ, ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని అదే. పుంగనూరులో ఒక మందుల షాపు పైన మాకు రెండు గదుల ఆఫీసుంది. అక్కడి నుంచి మదనపల్లె ఆసుపత్రులకూ, బడులకూ, కుప్పం దగ్గరి గ్రానైట్ ఫ్యాక్టరీలకూ పోయి, "మీ కంప్యూటర్ కాలిపోతే ఏం చేస్తారు? ఎవడన్నా ఎత్తుకుపోతే?" అని అడుగుతాం. ఎదుటివాళ్ల ముఖం పాలిపోయాక, మీ సమాచారానికి ఒక నకలు ఇంటర్నెట్ మీదుగా ముంబైలోని పెద్ద సర్వర్లలో దాచిపెడతాం, ఇక్కడ ఏం జరిగినా అక్కడి నుంచి వెనక్కి తెచ్చిస్తాం అని మాటిస్తాం. ఆ మాట ఇచ్చేది యజమాని, నిలబెట్టాల్సింది నేను.

మదనపల్లెలో ఒక పాత మిషన్ ఆసుపత్రికి కూడా అలాగే మాటిచ్చాం. అక్కడ రికార్డు రూము ఒకావిడ చేతిలో ఉండేది. భర్త పోయాక ఆసుపత్రి వెనక క్వార్టర్సులో ఒంటరిగా ఉండేది. ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ ఇల్లు. కలకడ నుంచో పెద్దమండ్యం నుంచో వచ్చిన మనిషి కిటికీ దగ్గర నిలబడగానే, పేరు అడక్కుండానే ఏ ఆపరేషను ఎప్పుడు జరిగిందో చెప్పగలిగే మనిషి. ఆవిడకు ఆ ఉద్యోగమూ ఆ ఇల్లూ లేకుండా చేసింది నేనే. ఇది చెప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

మేం పోయినప్పుడు ఆ గది నిండా ఇనుప రాకులు, రాకుల నిండా రోగుల కార్డులు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం అప్పుడే మొదలైంది. అన్నిటికంటే పాతవి, మొదటి రెండు రాకులు, టైపు అయ్యాయి. ఆ రోజే నేను దగ్గర కూర్చుని మొదటి నకలు ముంబైకి పంపాను. ఆ తర్వాత ఒక్కో రాకూ టైపు అయ్యేకొద్దీ కార్డుల్ని పాత కాగితాలవాళ్లకు ఇచ్చేయమని మా యజమాని సలహా.

ఆవిడకు అది నచ్చలేదు. "ఒక మూలన పడుండనీప్పా. అవి నిన్ను కూడడిగేనా, నీళ్లడిగేనా?" అంది.

నేను నవ్వాను. "ఇంకా ఎందుకమ్మా ఈ చెత్త? రేపు ఈ గది గదంతా కాలిపోయినా మీ రికార్డులకు ఏమీ కాదు."

ఆటోలో కట్టలు ఎక్కిస్తున్నంతసేపూ ఆవిడ వరండాలోనే నిలబడింది. కింద జారిపడిన ఒక కార్డును తీసి, చీరకొంగుతో దుమ్ము తుడిచి, మళ్లీ ఆటోలోనే పెట్టింది.

నకలు ఎప్పుడు పోవాలో నిర్ణయించింది నేనే. మామూలు రోజుల్లో ఓపీ రద్దీ వల్ల ఇంటర్నెట్ నత్తనడక నడుస్తుంది. ఆదివారం ఓపీ ఉండదు, ఆఫీసు మనుషులందరూ చర్చిలో ఉంటారు. అందుకని ప్రతి ఆదివారం పొద్దున పదింటికి, ఆ వారం చేరిన కొత్త రికార్డులు వాటంతటవే ముంబై పోయేలా పెట్టాను. భలే తెలివిగా చేశానని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

ఆ గదిలో మెయిన్ స్విచ్చి పైన గోడ మీద నీలిరంగుతో రాసి ఉండేది: 'ఆదివారం ఆరాధనకు పోవుటకు ముందు మెయిన్ ఆపవలెను.' ఎప్పుడో అందరూ చర్చిలో ఉన్నప్పుడు ఆ గదిలో వైరు అంటుకుందట. అప్పటి నుంచీ అది ఆసుపత్రి ఆచారం. ఆ రాత కింద మేకుకే రెండు రోజులు నా సంచి తగిలించాను. చదివాను కూడా. నా కంప్యూటర్ బతికేది కూడా ఆ స్విచ్చి మీదేనని నా బుర్రకు తట్టలేదు. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం పదికి పావుగంట ముందు, చంకలో బైబిలుతో వచ్చి, యూపీఎస్ ఆపి, మెయిన్ ఆపి, తాళం వేసుకుని చర్చికి పోయేది. మొదటి రోజు పంపిన నకలు తప్ప ఇంకేదీ ముంబై చేరలేదు.

నకలు చేరకపోతే మా ఆఫీసుకు మెయిల్ వస్తుంది. వచ్చింది కూడా, ప్రతి ఆదివారం. కానీ మా వైపు కరెంటు సంగతి తెలిసిందే కదా. పుంగనూరులో ఉంటే కుప్పంలో ఉండదు. ప్రతి చోటి నుంచీ రోజూ అవే మెయిళ్లు. చూసి చూసి విసుగెత్తి, అవన్నీ నేరుగా ఒక ఫోల్డర్లోకి పోయేలా పెట్టి, ఆ ఫోల్డర్ తెరవడం మానేశాను.

ఈ లోపం బయటపడే దారి ఇంకొకటి ఉండింది. మూడు నెలలకొకసారి డ్రిల్ చేయాలి. అంటే ఆసుపత్రి కంప్యూటర్ చచ్చిపోయిందనుకుని, ముంబై నుంచి నకలును వేరే కంప్యూటర్లోకి దించి, పది మంది రికార్డులు తెరిచి చూడాలి. మొదటిసారి నిజంగానే చేశాను. పది పేర్లు చెప్పమంటే, ఆవిడ తనకు కంఠతా వచ్చిన పాత రోగుల పేర్లే చెప్పింది. అందరూ మొదటి రెండు రాకుల్లోవాళ్లే. పదీ తెరుచుకున్నాయి. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత చేయలేదు. నకలు దిగడానికి సగం రోజు పడుతుంది, నాకు పుంగనూరు బస్సు తప్పుతుంది. తెర మీద నకలు భద్రంగా ఉందని పచ్చటి గుర్తు కనిపించేది. భద్రంగానే ఉంది మరి, పాతది! కింద చిన్న అక్షరాల్లో ఉన్న తేదీని ఎవరు చూశారు? 'పరీక్ష విజయవంతం' అని రాసి సంతకం గీకేవాణ్ణి. ఆవిడ టీ తెప్పించి, నా సంతకం పక్కన ఆసుపత్రి ముద్ర వేసేది. అలా పది కాగితాలు తయారయ్యాయి.

ఒక వేసవి మధ్యాహ్నం, వారం మధ్యలో, పిడుగు పడింది. ఆసుపత్రి కంప్యూటర్ మాడిపోయింది. నేను ముంబై నుంచి నకలు దించితే రెండు రాకుల కార్డులు వచ్చాయి. మిగిలిన రాకులూ లేవు, మధ్యలో గడిచిన రెండేళ్ల పైచిలుకు రోగులూ లేరు. మర్నాడు నేను అక్కడ ఉండగానే పెద్దమండ్యం నుంచి ఒకామె బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఆ బిడ్డకు నిరుడు ఏదో ఇంజెక్షన్ పడక ప్రాణం మీదికి వచ్చిందట. ఏ ఇంజెక్షనో చెప్పమని డాక్టరు అడిగాడు. "పేరు నాకేం తెలుసు సార్, చిన్న సీసా, మూత ఎర్రగా ఉండె. అంతా మీ కంపూటర్లో రాసుకున్యారు కదా" అంది. డాక్టరు పెన్ను కింద పెట్టి నా వైపు చూశాడు.

తర్వాతి వారం ఆసుపత్రి డైరెక్టరు గదిలో కూర్చున్నాం. మా యజమాని బల్ల మీద రెండు కట్టలు పెట్టాడు. ఒకటి నేను సంతకం చేసిన పది కాగితాలు. రెండోది కంప్యూటర్ ఆగిపోయిన ఆదివారాల జాబితా. "మావాడు మూడు నెలలకొకసారి వచ్చి పరీక్ష చేసినాడు సార్, ఇదో మీ ముద్రే ఉండాది. మీ మనిషి సరిగ్గా ఆ టైముకే మెయిన్ ఆపేస్తే మేమేం చేయగలం?" అన్నాడు.

"గోడ మింద రాసిపెట్టిందే నేను చేసినా సార్," అంది ఆవిడ. "ఇరవై ఏండ్లుగా చేస్తాండా. ఆదివారం దాన్ని ఆపగూడదని నాకు ఎవురు చెప్పినారు?" తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పినావాప్పా?"

నేను బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను. చేరని నకలు పది పరీక్షలు ఎలా గట్టెక్కిందని ఒక్కరు అడిగినా నేను అక్కడే దొరికిపోయేవాణ్ణి. ఎవరూ అడగలేదు. ముద్ర తమదే కాబట్టి, అడిగితే వాళ్ల మెడకూ చుట్టుకుంటుంది. నాకు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం పోతే ఎలా అనుకున్నాను. పిరికివాడు ఎవడైనా అనుకునేదే.

నెలలోపు ఆవిడ చేత ఇల్లు ఖాళీ చేయించారు. గోడ మీద రాతకు సున్నం కొట్టించారు. ఆదివారం మెయిన్ ఆపకూడదని మా యజమాని ఒక స్టిక్కర్ అంటించి వచ్చాడు.

రెండు నెలల తర్వాత కుప్పం పోతూ బైరెడ్డిపల్లెలో బస్సు దిగాను. ఆవిడ చెల్లెలి ఇంట్లో ఉందని తెలిసింది. వాకిట్లో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఫోల్డర్ సంగతీ, డ్రిల్ సంగతీ, అన్నీ చెప్పేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. క్షమించమన్నాను.

"క్షమించినాలేప్పా. క్షమించమని దేవుడు చెప్పినాడు కాబట్టి," అంది. ముఖంలో ఏ మార్పూ లేదు. లోపలికి పోయి ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్విప్పుడు చెప్పిందంతా ఈడ రాయి. కింద సంతకం పెట్టు. ఆ ఇల్లు నాకు మళ్లీ ఇస్తారని కాదు. ఆ చర్చిలో నేను తలెత్తుకుని కూర్చోవల్ల."

పెన్ను పట్టుకున్నాను. "ఆఫీసులో ఒక మాట అడిగి, వచ్చేవారం వచ్చి రాసిస్తానమ్మా" అన్నాను.

"ఆ పది కాగితాలకు ఎవుర్నీ అడగలేదు కదప్పా నువ్వు," అంది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, మూత పెట్టి, మళ్లీ శనక్కాయల ముందు కూర్చుంది.

కుప్పం ఫ్యాక్టరీలో ఆ రోజు డ్రిల్ నిజంగా చేశాను. సగం రోజు కూర్చుని నకలు దించి, పది ఫైళ్లు తెరిచి, తేదీలు ఒకటికి రెండుసార్లు చూసి, అప్పుడు సంతకం పెట్టాను. ఇప్పుడు అన్ని చోట్లా అలాగే చేస్తున్నాను. పని నేర్చుకున్నానని యజమాని అందరికీ చెప్తాడు. నెలకోసారి కుప్పం పోయి వస్తాను. బైరెడ్డిపల్లెలో బస్సు ఆగుతుంది, వేరేవాళ్లు దిగుతారు, నేను కిటికీ పక్క సీటు వదలను.