తడిసిన రోవర్

భూములు కొలిచే మా సంస్థకు సూర్యాపేటలో ఒకటే రోవర్ ఉండేది. కర్ర మీద బిగించి పొలంలో నిలబెడితే, ఉపగ్రహాల లెక్కతో మనం నిలబడ్డ చోటును వేలెడు తేడా లేకుండా చెప్పే యంత్రం అది. ఒకరోజు నేను, ఒకరోజు నాకంటే సీనియర్ అయిన అన్న దాన్ని పట్టుకుపోయేవాళ్లం. అన్న అంటే తోబుట్టువు కాదు, ఆఫీసులో అలా పిలవడం అలవాటు. ఇప్పటికీ నోటికి అదే వస్తుంది. మనసులో మాత్రం వేరే మాటలున్నాయి.

నా వంతు రోజున సాయంత్రం ఆఫీసుకు రాగానే బ్యాటరీలు బయటికి తీసేదాన్ని. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, వైర్లు పెట్టే చోట ఉండే రబ్బరు మూతలు గట్టిగా నొక్కి, దాని పెట్టెను కాసేపు తెరిచి ఉంచేదాన్ని. లోపల చెమ్మ ఉండగా మూసేస్తే ఎంత ఖరీదైన యంత్రమైనా పాడవుతుంది. కర్ర నిటారుగా ఉందో లేదో చూపే నీటి బుడగ సరిగ్గా మధ్యలో నిలుస్తోందో లేదో చూసేదాన్ని. అది తప్పితే గట్టు ఒకరి పొలంలోంచి ఇంకొకరి పొలంలోకి జరిగిపోతుంది. అన్న ఇవేవీ చేసేవాడు కాదు. ఎండలో కారులో వదిలేసేవాడు, కర్రను గడ్డపారలా నేలలో పొడిచేవాడు. పైగా నన్ను చూసి నవ్వేవాడు.

"గది మిషనా, నీ బిడ్డనా? జర తానం గూడ పోయ్."

నేనూ నవ్వేదాన్ని. తెలివితక్కువదాన్ని.

ఒకరోజు అన్న వేములపల్లిలో కొలతకు వెళ్లాడు. మర్నాడు పొద్దున రోజూ లేని మర్యాదతో పెట్టె తనే మోసుకొచ్చి నా బండిలో పెట్టాడు. నేను పెన్‌పహాడ్ వెళ్లాను. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు గట్టు కోసం కొట్టుకునేదాకా వచ్చారు. మిషన్ ఏం చెబితే అదే ఖాయమని ఊరి పెద్దలు వాళ్లను ఒప్పించి కూర్చోబెట్టారు. సగం ఊరు పొలంలోనే ఉంది. రెండు మూలలు కొలిచానో లేదో, రోవర్ ఆరిపోయింది. బ్యాటరీ మార్చినా వెలగలేదు.

"ఆడామెను తోలిండ్రు, గిట్లనే ఉంటది," అన్నాడో పెద్దాయన.

అందరూ నవ్వారు. అన్నదమ్ములు మళ్లీ తిట్లకు దిగారు. పెట్టె ఎత్తుకుని తలొంచుకుని రోడ్డుదాకా నడిచొచ్చాను.

ఆఫీసులో సార్ ముందు, అందరూ వింటుండగా, అన్నే మొదట నోరు విప్పాడు.

"రోజు తడిగుడ్డతోని రుద్దుతది సార్. వద్దంటే ఇనదు. నీళ్లు లోపల్కి వొయ్యుంటయ్."

నా శ్రద్ధనే నా నేరం చేశాడు. పొడిగుడ్డ అని నేను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. సార్ నన్ను పొలాల పని నుంచి తప్పించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. గట్ల మీద తిరిగే ఆ పని కోసం ఇంట్లో ఎంతమందితో పోట్లాడి వచ్చానో నాకే తెలుసు. చెడగొట్టినదానివి నువ్వే కాబట్టి బాగు చేయించుకొచ్చేదీ నువ్వేనంటూ రోవర్‌ను హైదరాబాద్‌కు నాతోనే పంపారు.

రిపేరు చేసే అతను నా ముందే మరలు విప్పాడు. లోపల బురద చార. బ్యాటరీ పెట్టే అరలో మెత్తటి తవుడు, అందులో కొన్ని బియ్యపు గింజలు.

"నీళ్లల్ల పడ్డ ఫోన్‌ను పెట్టినట్టు దీన్ని గూడ బియ్యంల పెట్టిండ్రా మేడం? రబ్బరు మూత సరిగ్గ వెయ్యలే, నీళ్లు వొయినయ్. ఆ తడికి తవుడు వట్టింది," అన్నాడు.

వేములపల్లిలో అన్న కొలిచింది కాలువ పక్క పొలం. అన్న బామ్మర్దికి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. ఇక నాకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. కాలువలో పడేసి, బియ్యం బస్తాలో ఆరబెట్టి, తెల్లారగానే నా నెత్తిన రుద్దాడు. ఒళ్లు మండిపోయింది. ఆ తవుడూ గింజలూ పొట్లం కట్టించుకుని, సూర్యాపేట వచ్చేదాకా బస్సులో పళ్లు కొరుకుతూ కూర్చున్నాను.

సార్‌కు ఆరోజే చెప్పొచ్చు. చెప్పలేదు. గదిలో చెబితే గదిలోనే సర్దేస్తారు. నన్ను నలుగురిలో అన్నారు, నాకూ నలుగురు కావాలి.

వానాకాలం ముందు ఆ నలుగురూ దొరికారు. యంత్రాల జాగ్రత్తల గురించి మాట్లాడడానికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆఫీసుల సర్వేయర్లందరినీ పిలిచారు. వానలో రోవర్ తడిస్తే ఏం చేస్తారని సార్ అడిగారు. కోదాడ నుంచి వచ్చినాయన లేచాడు.

"బియ్యంలో పెడితే సరిపోద్దండి, తేమంతా లాగేస్తది."

నేను లేచి, పొట్లం విప్పి సార్ బల్ల మీద పోశాను. ఎక్కడ దొరికాయో చెప్పాను. తర్వాత అన్న వైపు తిరిగాను.

"అన్నా, నువ్వు జెప్పు. ఏ బియ్యం మంచియి? సన్నయా, దొడ్డుయా? మీ బామ్మర్ది మిల్లుల ఏవి వోసినవ్ రోవర్ మీద?"

అన్న ముఖం మాడిపోయింది.

"కాలువ గట్టు జారింది సార్... నేను జెప్దామనే..."

మిగతాది నవ్వుల్లో వినబడలేదు. నేను నవ్వలేదు. ఆ ముఖాన్ని తనివితీరా చూశాను. కడుపు నిండినట్టయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

సార్ నన్ను మళ్లీ పొలాలకు పంపారు. రోవర్‌ను నాకే అప్పగించి, ఎవరికివ్వాలన్నా నా ఇష్టమే అన్నారు. బయటికి రాగానే అన్న నా వెనకే వచ్చాడు.

"అందరి ముంగట అడగాల్నా చెల్లె? జర పక్కకు పిలిస్తే ఒప్పుకోకపోదునా?"

"పెన్‌పహాడ్ల నన్ను పక్కకు పిలిచి నవ్విండ్రా అన్నా?"

అప్పటి నుంచీ అన్న పాతకాలం కొలత గొలుసు లాగుతూ కొలుస్తున్నాడు. ఎండలో వంగీ వంగీ నడుం పట్టేస్తోందట. పాపం అనిపించాలని నేనూ చూశాను, అనిపించలేదు. నిన్న పెద్దవూర వెళ్లే ముందు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇయ్యాల నీకు పొలం పని లేదంట గద. ఒక్కనాడన్న ఇయ్యి చెల్లె."

నిజమే, నాకు పని లేదు. రోవర్ పెట్టెలో ఖాళీగానే ఉంది.

"ఇయ్యనే ఇయ్య," అన్నాను.