పిన్ని ఎడమచేతి ముడి

మా పిన్నికి కోపం వస్తే అరవదు. వల సూది తీసుకుని కూర్చుంటుంది. నా కోపం పొద్దున పుట్టి సాయంత్రానికి చల్లారే రకం. పిన్నిది పదకొండేళ్ళు నిలిచింది. ఆ సంగతే చెబుతున్నాను. మధ్యలో నేను ఎవరినైనా తిడితే ఏమీ అనుకోకండి, తిట్టాల్సినవాళ్ళు ఇందులో ఉన్నారు.

బాబాయికి ఒక చిన్న పడవ ఉండేది. నోట్లో నాలుక లేని మనిషి. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు ఎవరూ వేటకు వెళ్ళకూడదని, వేలెడంత పిల్లచేపలు చిక్కే సన్నకన్ను వల ఏ కాలంలోనూ వాడకూడదని రేవు కమిటీ నియమాలు రాసుకున్నప్పుడు మొదట చెయ్యి ఎత్తింది ఆయనే. చిన్న పడవలవాళ్ళంతా ఒప్పుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ ఆసామి కూడా ఒప్పుకున్నాడు. మూడు పెద్ద బోట్లు ఆయనవే, రేవు మొత్తానికి ఐసూ ఆయనదే. ఆయన ఐసు ఆపితే అందరి చేపా కుళ్ళిపోతుంది కాబట్టి, కమిటీలో ఆయన దగ్గితే నలుగురు మంచినీళ్ళు అందించేవాళ్ళు. ఎదురుగా "అయ్యగారు", వెనకాల "ఐసుగడ్డ".

నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా ఒకరోజు పొద్దున్నే తనిఖీవాళ్ళు దిగారు. కట్టేసి ఉన్న బాబాయి పడవలో తడి ఆరని సన్నకన్ను వల దొరికింది. దాని నిండా పిల్లచేపల పొలుసులు. ఐసుగడ్డ బోటు దొంగచాటుగా వేటకెళ్ళి వచ్చిందని, తనిఖీ కబురు అందగానే వాళ్ళ మనుషులు ఆ వలను పక్క పడవలోకి విసిరేశారని రేవులో అందరికీ తెలుసు. నోరు విప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

కమిటీ ముందు బాబాయి "నాది కాదండీ" అన్న ఒక్క మాట తప్ప ఇంకేం అనలేకపోయాడు. పిన్ని ఆ వలను చేతుల్లోకి తీసుకుని చూసింది.

"మా ఆయన వల నేను తప్ప ఎవరూ ముట్టరండీ. నాది ఎడమచెయ్యి, నా ముడి తిరగబడి పడుతుంది. ఇవి కుడిచేతి ముళ్ళు. పైగా ప్రతి ముడికీ ఒక చుట్టు ఎక్కువుంది. ఎవడి చెయ్యో కనుక్కోండి."

"ముళ్ళకి చేతులు కూడా ఉంటాయామ్మా?" అన్నాడు ప్రెసిడెంటు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఐసుగడ్డ.

వల ఎవరి పడవలో దొరికితే వాళ్ళదేనని తీర్పు. లైసెన్సు శాశ్వతంగా రద్దయింది. రేవు గేటు మీద "లైసెన్సు రద్దయినవారు" అని ఒక బోర్డు పెట్టి, ఎర్రరంగుతో బాబాయి పేరు రాశారు. బోర్డు నిండా ఆయన పేరు ఒక్కటే.

పడవ పోయిన మనిషికి రేవులో దొరికే పని ఒక్కటే, ఐసు గడ్డలు మోయడం. తన పొట్ట కొట్టినవాడి ఫ్యాక్టరీలోనే బాబాయి కూలీగా చేరాడు. రోజుకు రెండుసార్లు ఆ బోర్డు కింద నుంచి తల దించుకుని వెళ్ళేవాడు. ఐదేళ్ళు అలా నడిచి చచ్చిపోయాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయని డాక్టరు చెప్పాడు.

"ఊపిరితిత్తులు కాదు. బోర్డు," అంది పిన్ని.

రెండు నెలలు తిరక్కుండానే ఆవిడ వెళ్ళి ఐసుగడ్డ వలల షెడ్డులో పనికి చేరింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు సిగ్గుందా పిన్నీ? వాడి వలలు బాగుచేస్తావా?"

"సిగ్గుంది కాబట్టే వెళ్తున్నా. నువ్వు నీ పని చూసుకో."

సంవత్సరం పాటు ఆవిడతో మాట్లాడలేదు. తర్వాత పని దొరక్క నేనూ అదే షెడ్డుకు వచ్చి ఆవిడ పక్కనే కూర్చున్నాను. నా రోషం విలువ అంతే.

అదొక పొడవాటి రేకుల షెడ్డు. గోడ పొడవునా కొక్కేలు, వాటికి వేలాడే పచ్చ నైలాన్ వలలు, డీజిలు వాసన. ఉన్న ఒక్క ఫ్యానూ మేస్త్రి వైపే తిరిగి ఉండేది. నేను చేరిన వారానికి పిన్ని చిరిగిన వల ఒకటి నా ఒళ్ళో పడేసి, "మేస్త్రి వేసిన ముడి విప్పి చూడు," అంది.

విప్పాను. మామూలు ముడికి ఒక చుట్టు ఎక్కువుంది.

"ఆ రోజు మన పడవలో దొరికిన వల..."

"గట్టిగా అనకు. నేను చేరిన రోజే చూశా. ఇప్పుడు చెబితే మళ్ళీ నవ్వుతారు. ఆ వలా, వీడి చెయ్యీ, నా చెయ్యీ ఒక్కచోట కనపడాలి. కమిటీ ముందు."

పిన్ని షెడ్డులో చేరిన రోజు నుంచి లెక్కేస్తే, ఒక్కచోట కనపడటానికి ఆరేళ్ళు పట్టింది. ఐసుగడ్డ అప్పుడప్పుడూ షెడ్డులోకి వచ్చి పిన్ని దగ్గర ఆగేవాడు. "పాతవి మనసులో పెట్టుకోలేదు కదమ్మా?" అనేవాడు. "పెట్టుకుంటే మీ నీడన ఎందుకుంటానయ్యా," అనేది పిన్ని. ఆ తెలివితక్కువవాడు నమ్మాడు. సొంత అక్క కూతుర్ని, నేనే ఒక్కోసారి నమ్మాను.

ఈలోగా పెద్ద బోట్లు సగం ఖాళీగా తిరిగి రావడం మొదలైంది. దొంగవలలతో పిల్లల్ని ఊడ్చేస్తే పెద్దవి ఎక్కడి నుంచి వస్తాయి? ఐసుగడ్డకు ఆ మాత్రం బుర్ర ఉంటే కదా. ఇంకా చిన్నవి పట్టాలనుకున్నాడు. ఇన్‌స్పెక్టరుగా కొత్తగా వచ్చినావిడ ప్రతి వల కన్నూ స్కేలు పెట్టి కొలుస్తోంది. అందుకని పిన్నిని లోపలికి పిలిపించాడు. పైకి నియమం ప్రకారం పెద్దకన్ను వలే. చేపలు పోగుపడే దాని తోక లోపల సన్నకన్ను సంచి ఒకటి కుట్టాలి. దాన్ని ఒకే ఒక్క తాడుతో కట్టాలి. రేవు దగ్గరికి రాగానే తాడు లాగితే సంచి ఊడి సముద్రంలో మునిగిపోవాలి.

"మేస్త్రికి చూపు ఆనడం లేదు. నీ చేతి పనైతే నాకు నమ్మకం," అన్నాడట.

పిన్ని బయటికొచ్చి నా పక్కన కూర్చుని నవ్వింది. బాబాయి పోయాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నాకు భయమేసింది.

రెండు రోజులు కుట్టింది. పైన ఐసుగడ్డ అడిగిన తాడు, లాగితే సర్రున వచ్చేటట్టు. దాని కింద జానెడుకొకటి చొప్పున నూలు దారంతో ముళ్ళు.

"నైలాన్ ఉండగా నూలెందుకు పిన్నీ?"

"నైలాన్ జారుతుంది. నూలు నీళ్ళు తాగి బిగుస్తుంది."

"ఆ ముళ్ళు నీవని ఇట్టే తెలిసిపోతుంది."

"తెలియాలి."

"దొంగవల కుట్టినవాళ్ళకి రేవులో పనిచేసే కార్డు కూడా రద్దు చేస్తారు, తెలుసా?"

"ఆ నియమం రాసిన రోజు మీ బాబాయి పక్కన కూర్చున్నది నేనేనే," అంది సూది ఆపకుండా.

బోటు బయల్దేరిన రోజే ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి వెళ్ళి రెండు మాటలు చెప్పి వచ్చింది. బుధవారం పొద్దున రేవులో ఉండమని ఒకటి. పదకొండేళ్ళ కిందట పట్టుకెళ్ళిన వల చీటీతో సహా తనిఖీవాళ్ళ గోదాములో ఉండాలి, అది బయటికి తీయించమని ఇంకొకటి.

బుధవారం బోటు వచ్చింది. రేవు కనపడగానే బోటు నడిపే సరంగు తాడు లాగితే తాడొక్కటే చేతికొచ్చిందట. వల మొత్తం వదిలేద్దామా అని ఫోను చేస్తే, "కొత్త వలరా, వదిలేస్తే నువ్వూ దాంతో పాటే దూకు" అన్నాడట ఐసుగడ్డ. బోటులోవాళ్ళు కత్తులతో సగం ముళ్ళు కొయ్యకముందే గట్టు మీద ఇన్‌స్పెక్టరమ్మ నిలబడి ఉంది. తోక విప్పితే వేలెడు వేలెడు పిల్లలు, మోకాలెత్తు కుప్ప. ఆ కుప్పను చూసినప్పుడు మాత్రం పిన్ని ముఖం మాడిపోయింది.

"ఈ పాపంలో నాకూ వాటా ఉంది," అంది.

మధ్యాహ్నం చేపల వేలం హాల్లో కమిటీ కూర్చుంది. ఐసుగడ్డ తొణకలేదు. "నన్ను ఇరికించాలని ఎవడో కుట్టించాడు. ఇది నా షెడ్డు పని కాదు," అన్నాడు. ప్రెసిడెంటు నీళ్ళు నములుతున్నాడు.

పిన్ని లేచింది. "ముళ్ళకి చేతులుంటాయండీ. కావాలంటే చూసుకోండి."

ఇన్‌స్పెక్టరమ్మ షెడ్డు వాళ్ళందరి చేతా తలా ఒక ముడి వేయించింది. నాది కుడివైపు పడింది. పిన్నిది తిరగబడి పడింది, సంచి ముళ్ళకు అచ్చుగుద్దినట్టు. మేస్త్రి వంతు వచ్చింది. ముప్పై ఏళ్ళ అలవాటు, వేళ్ళు వాటంతట అవే ఒక చుట్టు ఎక్కువ చుట్టాయి. అప్పుడు పిన్ని వెళ్ళి గోదాము నుంచి తెప్పించిన పాత వలను ఆ ముడి పక్కన పరిచింది.

మేస్త్రి తల దించుకుని, "అయ్యగారు చెబితేనే అల్లాను," అన్నాడు. ఐసుగడ్డ పాత వల వైపూ మేస్త్రి వైపూ మార్చి మార్చి చూశాడు. ఆ ముఖం చూడటానికి నేను ఇంకో పదకొండేళ్ళయినా ఎదురుచూసేదాన్ని.

ప్రెసిడెంటు అప్పటికీ వదల్లేదు. "నిజం ఒప్పుకుంది కాబట్టి ఈవిడని మందలించి వదిలేద్దాం. అయ్యగారిని కూడా మొదటి తప్పు కింద..."

"నాకు మాఫీ వద్దు," అంది పిన్ని. "నన్ను వదిలేస్తే అదే సందులోంచి ఆయనా దూరిపోతాడు. కుట్టింది నేను, నా కార్డు రద్దు చెయ్యండి. వల ఎవరి బోటులో దొరికితే వాళ్ళదేనని తీర్పు చెప్పింది మీరే. అది ఆయన మీదా చెప్పండి." కార్డు తీసి బల్ల మీద పడేసింది. చిన్న పడవలవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. పదకొండేళ్ళు ఆలస్యంగా లేచారు, ఆ మాట నేను మొహం మీదే అన్నాను.

మర్నాడు పెయింటరు బాబాయి పేరు చెరిపేసి, అక్కడే ఐసుగడ్డ పేరు రాశాడు. తర్వాత ఇబ్బందిగా పిన్ని వైపు తిరిగాడు.

"మీది కింద చిన్నగా రాసేస్తానమ్మా."

"చిన్నగా ఎందుకు? ఆయనది ఎంతుందో నాదీ అంత రాయి."

కార్డు లేనివాళ్ళు గేటు దాటకూడదు. పిన్ని గేటు బయట, ఆ బోర్డు కిందే పీట వేసుకుని, చిన్న పడవలవాళ్ళు ఇంటి నుంచి తెచ్చే వలలు బాగుచేస్తోంది. బోట్లు పోయినా ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఐసుగడ్డ రోజుకు రెండుసార్లు అటు వెళ్ళాల్సిందే. తల దించుకుని వెళ్తాడు. పిన్ని సూది ఆపి, ఆయన మలుపు తిరిగేదాకా చూస్తుంది.

నెల గడిచాక, "ఇంక చాల్లే పిన్నీ, ఇంట్లో కూర్చుని చేసుకో," అన్నాను.

"మీ బాబాయి దీని కింద ఐదేళ్ళు నడిచాడు," అంది. "ఈయన నడిచింది నెలేగా."