నాలుగు మూలలకూ పసుపు

నా ప్రేమ నవల అచ్చయింది జనగామలో, పెళ్లికార్డులు కొట్టే ప్రెస్సులో. ఈ మాట చెబితే నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ. హైదరాబాదులో నవలలు వేసేవాళ్లకు మూడుసార్లు రాశాను, ఒక్కరూ జవాబివ్వలేదు. ఫోన్‌లో రెండేళ్లు దీన్నే సీరియల్‌గా చదివినవాళ్లేమో, పుస్తకం ఎప్పుడు తెస్తారని ప్రాణం తోడేస్తున్నారు.

ప్రెస్సాయనకు నవల వేయడం కొత్త. "జర ఆగు అక్కా, లగ్గాల సీజన్ అయిపోనీ" అంటూ రెండు నెలలు తిప్పాడు. అట్ట మీద బొమ్మ కూడా తనే పెట్టాడు. దండలు మార్చుకుంటున్న జంట, కింద పెద్ద అక్షరాలతో నా పేరు, అలవాటు కొద్దీ పైన బంగారు రంగు వినాయకుడు.

"ప్రేమ నవల మీద వినాయకుడేందన్నా?" అని, అతను పంపిన అట్ట ఫొటో చూసి ఫోన్లో అరిచాను.

"ఉంటే ఏమైతది అక్కా, మంచిదే గదా" అన్నాడు. అప్పటికే అంతా అచ్చయిపోయింది.

మొగుళ్లపల్లిలో మా ఇంట్లో ఉండేది నేనూ, మా అమ్మా. అమ్మను నేను అవ్వా అనే పిలుస్తాను. నేను ప్రైవేటు బడిలో టీచర్ని. నాకు ముప్పై మూడేళ్లు. పెళ్లి మాటెత్తితే కస్సుమంటానని ఏడాదిగా అవ్వ ఆ ఊసే మానేసింది. ఆమెకు చదువు రాదు గానీ, నా పేరు ఎక్కడ రాసి ఉన్నా గుర్తుపడుతుంది. ప్రేమకథలు రాస్తున్నానంటే ఏమంటుందోనని భయపడి నవల సంగతి దాచాను.

పుస్తకాల పెట్టెలు నేను బడిలో ఉండగా ఇంటికి చేరాయి. మర్నాడే వాటిని మహబూబాబాద్‌లో స్టేషన్ దగ్గరి పుస్తకాల కొట్టుకు ఇవ్వాలి. సాయంత్రం వచ్చి చూస్తే పెట్టెలన్నీ విప్పి ఉన్నాయి. అవ్వ గిన్నెలో పసుపు కలుపుకుని, పెళ్లికార్డుకు పెట్టినట్టే ఒక్కో పుస్తకానికి నాలుగు మూలలకూ రాసి వరసగా ఆరబెడుతోంది.

"ఏం చేసినవ్ అవ్వా! అన్ని ఖరాబు చేస్తివి గదా!" అని నెత్తి కొట్టుకున్నాను.

నా కోపం ఆమె చెవికెక్కలేదు. ముఖం వెలిగిపోతోంది. "నాకు చెప్పకుండ కార్డులు గూడ కొట్టిచ్చినవా బిడ్డా? ఇప్పటి కార్డులు గింత మందముంటున్నయా! పిలగాడు ఎవలైతేంది, ఏ కులమోడైతేంది, నువ్వు మెచ్చినవ్, గది సాలు. మొదటిది దేవునికి పెట్టిన."

చూద్దును గదా, దేవుని గూట్లో కుంకుమబొట్టు పెట్టుకుని నా నవల. ఇంత మనసున్న మనిషికి భయపడ్డానా అని సిగ్గేసింది. అబద్ధం చెబితే ఆ సంతోషం ఇంకో పూట నిలిచేదేమో. చెప్పలేకపోయాను.

"పెండ్లికార్డులు కావవ్వా. కథ బుక్కు. నేనే రాసిన."

అవ్వ చేతికంటిన పసుపును చూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ కస్సుమన్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అవ్వ అట్ట మీది పెళ్లికూతురిని వేలితో చూపించింది.

"మరి గీ పిల్ల ఎవలు?"

"కథల ఉండే పిల్ల. నేనే పుట్టిచ్చిన."

"దీనికైన పెండ్లి అయితదా?"

"అయితది. మస్తు పరేషానయినంక, ఆఖర్ల."

అవ్వ ముక్కు చీది, కొంగుతో ముఖం తుడుచుకుని, పసుపు గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుంది. "నువ్వు పుట్టిచ్చినవంటే నాకు మనుమరాలే గదా. గా మిగిలిన పెట్టె గూడ ఇటు జరుపు."

కొట్టాయనకు ఏం చెప్పాలో రేపు బస్సులో ఆలోచించుకోవచ్చులే అనుకుని, పెట్టె జరిపి, నేనూ ఆమె పక్కన కూర్చున్నాను.